పాత పోత ఇనుప టబ్బు: పూత వేయించాలా, అలాగే వాడుకోవాలా?

పిట్స్‌బర్గ్_పాతిల్లు · మార్చి 2, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. పోయిన నవంబరులో పిట్స్‌బర్గ్‌లో ఒక పాత ఇల్లు కొన్నాం. కట్టి వందేళ్లు కావస్తోంది. మేడమీది స్నానాలగదిలో నాలుగు పులిపంజాల మీద నిలబడిన టబ్బు ఒకటి ఇంటితో పాటు వచ్చింది. ఐదడుగుల పొడవు. ఇల్లు చూడడానికి వెళ్లిన రోజే దాని మీద మనసు పారేసుకున్నాను. మా ఆవిడ మాత్రం అదే రోజు "దీన్ని ఎప్పుడు తీయించేస్తున్నాం?" అని అడిగింది.

దాని పరిస్థితి చెబుతాను. అడుగుభాగం నునుపు పోయి సుద్దముక్కలా ఉంది. కొళాయి కింద నుంచి తూము దాకా ఇటుకరంగు చార. అంచు మీద బొటనవేలి గోరంత పెచ్చు ఊడి నల్లటి ఇనుము కనిపిస్తోంది. వీపు ఆనించే వాలు మీద రెండు మూడు చోట్ల ఉల్లిపొర లాంటిది ఏదో లేస్తోంది. గోటితో గీకితే ఊడి వస్తోంది.

టబ్బులకు కొత్త పూత వేసే ఒకాయనను పిలిచాను. 650 డాలర్లు, ఒక్క రోజు పని అన్నాడు. దుకాణంలో వంద డాలర్ల లోపే రెండు డబ్బాల సరంజామా దొరుకుతోంది, కలిపి మనమే వేసుకోవచ్చట. మా ఆవిడ ఈలోపు అక్రిలిక్ టబ్బుల ధరలు చూస్తోంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

రంగులమేస్త్రి_ఒహాయో · మార్చి 2, రాత్రి 11:40

ఏడేళ్లు కొలంబస్‌లో ఈ పనే చేశాను. ఊపిరితిత్తులు వద్దనడంతో మానేశాను. కాబట్టి మీకు అమ్మడానికి నా దగ్గర ఏమీ లేదు, నిశ్చింతగా వినండి.

ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని టబ్బుకు అంటించండి. అంటితే ఇనుమో స్టీలో. తర్వాత చెక్క తెడ్డుతో కొట్టండి. గుడిగంటలా బరువుగా మోగితే పోత ఇనుము, నూనె డబ్బాలా మోగితే స్టీలు రేకు. కాళ్లున్న టబ్బు కాబట్టి ఫోను కిందికి పెట్టి అడుగు ఫొటో కూడా తీయండి. పోత పోసిన తేదీ అంకెలు చాలా టబ్బులకు అక్కడ ఉబ్బెత్తుగా ఉంటాయి.

ఉల్లిపొర అన్నారు చూడండి, నా అనుమానమంతా దాని మీదే. దగ్గర నుంచి ఫొటో పెట్టండి. బయటివైపు రంగును మాత్రం ఉప్పుకాగితంతో రుద్దకండి. కారణం తర్వాత చెబుతాను, ఇప్పటికి ఆ చేయి అటు పోనివ్వకండి.

గాజుపూత · మార్చి 3, ఉదయం 7:05

విశాఖ నుంచి. నా ఉద్యోగం పింగాణీ పదార్థాలతో, టబ్బులతో కాదు. అయినా ఒక్క మాట మొదటే తేల్చుకుంటే ఈ చర్చ సగం తేలికవుతుంది.

మీ టబ్బు లోపలి తెల్లటి పొర రంగు కాదు, గాజు. దాన్నే ఎనామిల్ అంటారు. పోత పోసిన ఇనుప తొట్టిని కొలిమిలో ఎర్రగా కాలుస్తారు. 800 డిగ్రీల సెల్సియస్ పైమాట. అలా కాలుతున్నదాన్ని బయటికి లాగి, మెత్తగా నూరిన గాజుపొడిని జల్లెడతో దాని మీద చల్లుతారు. పొడి తగిలిన చోటే కరిగి ఇనుమును కరుచుకుంటుంది. మళ్లీ కొలిమిలోకి, మళ్లీ పొడి. ఇనుమూ గాజూ కలిసి వేడెక్కి కలిసి చల్లారాయి కాబట్టే వందేళ్లు నిలిచింది. విస్కాన్సిన్‌లో జాన్ మైకేల్ కోలర్ 1883లో పశువుల నీళ్లతొట్టికి ఇలాంటి పూతే వేసి, నాలుగు కాళ్లు తగిలిస్తే స్నానపు తొట్టిగా పనికొస్తుందని అమ్మాడు. ఆ కంపెనీ టబ్బుల వ్యాపారం అక్కడే మొదలైంది.

ఇప్పుడు మీ ఇంటికి వచ్చి ఒక్క రోజులో వేసిపోయేది ఇది కాదు. మీ స్నానాలగదిని ఎవరూ 800 డిగ్రీలకు వేడి చేయలేరు. వేసేది రంగు. ఎపాక్సీ కావచ్చు, అక్రిలిక్ యురెథేన్ కావచ్చు, మంచి రంగే కావచ్చు, కానీ రంగే. దాన్ని "రీగ్లేజింగ్" అని పిలవడం వల్ల జనానికి లేని ఆశ పుడుతుంది.

తెనాలి_తాతయ్య · మార్చి 3, ఉదయం 8:20

గాజుపూత గారూ, మీరు చెప్పినది చదువుతుంటే మా చిన్నప్పటి కళాయివాడు గుర్తొచ్చాడు. వీధిలో గుంట తవ్వి, తోలు తిత్తితో నిప్పు ఊది, ఇత్తడి గిన్నె కాలుతుండగా నవాసారం చల్లి, తగరపు పుల్ల ఆనించి గుడ్డతో ఒక్క తిప్పు తిప్పేవాడు. గిన్నె లోపల వెండిలా మెరిసేది. అది కూడా కాలితేనే పట్టేది. మా అమ్మ గిన్నెను సరిగా తోమకుండా ఇస్తే "జిడ్డు మీద కళాయి నిలవదమ్మా" అని వెనక్కి ఇచ్చేసేవాడు.

పిట్స్‌బర్గ్ బాబూ, డబ్బులెందుకు? నాలుగు నిమ్మచెక్కలు, చింతపండు గుజ్జు, కాస్త ఉప్పు వేసి రుద్దించు. ఇటుకరంగు చార ఎగిరిపోతుంది.

గాజుపూత · మార్చి 3, ఉదయం 8:47

తాతయ్య గారూ, కళాయి పోలిక అచ్చంగా సరిపోయింది. ఒక చిత్రం చెప్పనా? పాతకాలపు ఎనామిల్‌కు తెలుపు రావడానికి గాజులో కలిపినది ఆ తగరం భస్మమే.

కానీ చింతపండు మాత్రం వద్దు, దయచేసి. ఇత్తడికి మందు, పాత ఎనామిల్‌కు విషం. పులుపు ఏదైనా ఆ పాత గాజులోని సోడా, పొటాష్‌లను బయటికి లాగేస్తుంది. మిగిలేది సన్నసన్నని చిల్లులున్న ఇసుక పొర. నునుపు పోతుంది, మురికి అందులో కాపురం పెడుతుంది. ఆమ్లాన్ని తట్టుకునే ఎనామిల్ తర్వాతి కాలంలో వచ్చింది. ఈ టబ్బుకు అది లేదనుకునే నడుచుకోవాలి.

పిట్స్‌బర్గ్_పాతిల్లు · మార్చి 4, రాత్రి 8:30

అయస్కాంతం ఠక్కున అంటింది. తెడ్డుతో కొడితే గుడిగంటే. అడుగున "10 4 26" అని ఉంది. అమెరికా పద్ధతిలో అక్టోబరు 4, 1926. మనవాళ్లయితే ఏప్రిల్ 10 అనేవారు. ఎలాగైనా వందేళ్ల మనిషి. ఈ ఊళ్లోనే స్టాండర్డ్ శానిటరీ అనే పెద్ద టబ్బుల కంపెనీ 1899 నుంచి ఉండేదని, 1929లో అమెరికన్ రేడియేటర్ కంపెనీతో కలిసిపోయిందని చదివాను. మాది వాళ్లదో కాదో ముద్ర కనిపించలేదు. అయినా వాళ్లదే అని మా అబ్బాయికి చెప్పేశాను.

ఇక పులుపు సంగతి వచ్చింది కాబట్టి ఒక ఒప్పుకోలు. డిసెంబరులో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. టబ్బులో పడుకుని స్నానం చేయడం ఆమెకు గిట్టదు. టబ్బు మధ్యలో బకెట్టు పెట్టి, స్టీలు చెంబుతో పోసుకునేది. పండగకు పిల్లలందరికీ తలంటి పోసింది. నువ్వులనూనె, సున్నిపిండి, పసుపు, అన్నీ ఆ టబ్బులోనే. అడుగున పసుపు మరక నిలిచిపోయింది. నేను వంటసోడా ముద్ద చేసి పట్టించాను. మరక రక్తం రంగుకు తిరిగింది! మా ఆవిడ కేక పెట్టింది. అమ్మ మాత్రం "సోడా తగిలితే పసుపు పారాణి అవదా మరి" అని నవ్వి, మర్నాడు మేము ఆఫీసుకు వెళ్లాక హార్డ్‌వేర్ దుకాణం నుంచి తెచ్చి గ్యారేజీలో పెట్టిన యాసిడ్ సీసా వెతికి పట్టుకుంది. మన ఊళ్లో బాత్‌రూము బండలకు పోసేది అదే కదా. ఒక చెంబు నీళ్లలో కలిపి పోసి, చీపురుతో రుద్దింది. సుద్దముక్కలా ఉందని నేను మొదట చెప్పినది ఆ చోటే.

అమ్మ పేరు బయటపెట్టకూడదని మొదటి పోస్టులో రాయలేదు.

శ్రీలత_ఎడిసన్ · మార్చి 4, రాత్రి 9:02

చదివి పది నిమిషాలు నవ్వాను. మా అత్తగారి చేతిలో మా సింకు ఇలాగే పోయింది.

గాజుపూత · మార్చి 5, ఉదయం 6:50

పసుపు గురించి అమ్మగారే రైటు. క్షారం తగిలితే ఎర్రబడుతుంది, కడిగేస్తే మళ్లీ పసుపే. నిజమైన మందు వెలుతురు. కిటికీ తెరిచి రెండు మూడు రోజులు ఎండ పడనిస్తే దానంతటదే వెలిసిపోతుంది. అసలు గాజు నిండుగా ఉంటే పసుపు పట్టదు. పట్టిందంటే అడుగుభాగం అప్పటికే అరిగి ఉందని లెక్క. కాబట్టి నేరమంతా యాసిడ్ మీదా, అమ్మగారి మీదా వేయకండి.

ఒక హెచ్చరిక అందరికీ. యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పొడిగానీ బ్లీచ్ ద్రవంగానీ కలిసిందంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. చిన్న గదిలో అది ప్రాణాంతకం.

రంగులమేస్త్రి_ఒహాయో · మార్చి 5, రాత్రి 10:15

ఫొటో చూశాను. అనుకున్నదే. ఆ ఉల్లిపొర ఎనామిల్ కాదు. ఎనామిల్ పెచ్చులుగా ఊడుతుంది, గాజు కదా, అంచు పదునుగా తెగుతుంది. పొరలా, చర్మంలా లేస్తోందంటే అది రంగు. మీకు ముందున్న యజమాని ఎవరో ఎప్పుడో దీనికి పూత వేయించాడు. మీరు వేయించబోయేది మొదటి పూత కాదు, రెండోది.

ఇది మంచి వార్తా, చెడ్డ వార్తా కూడా. ఊడుతున్న పూత మీద కొత్త పూత వేస్తే రెండూ కలిసి ఊడతాయి. కళాయివాడి మాటే. కాబట్టి పాతది మొత్తం తీయాలి. 650 డాలర్లు చెప్పినాయన తీసి వేస్తానన్నాడా, పైన వేస్తానన్నాడా? అడగండి.

తీయడం ఎలా అన్నది చాలా జాగ్రత్తగా వినండి. ఒకప్పుడు మేమంతా మెథిలీన్ క్లోరైడ్ ఉన్న ద్రవం పోసేవాళ్లం. పది నిమిషాల్లో రంగు ముడతలు పడి లేచేది. ఆ ఆవిరి గాలి కంటే బరువు. టబ్బులో నీళ్లలా నిలుస్తుంది. మనం అందులోకే తల వంచి గీకుతాం. పైగా అది ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. 2000 నుంచి 2011 మధ్య అమెరికాలో ఇలా టబ్బుల పూత తీస్తూ 13 మంది చనిపోయారని 2012లో ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రాల వారపత్రిక రాసింది. కొందరు టబ్బు అంచు మీద వాలిన భంగిమలోనే దొరికారు. ఆ కథనం చదివిన వారమే నేను నా డబ్బాలు పారేశాను. మామూలు జనానికి అమ్మకం 2019లో ఆపేశారు, 2024లో వృత్తిపనివారికి కూడా దాదాపుగా మూసేశారు. అయినా గ్యారేజీల్లో పాత డబ్బాలు ఇంకా ఉన్నాయి. మీ ఇంటి పాత యజమాని వదిలిపెట్టిన డబ్బాలు ఏమైనా ఉంటే చూసుకోండి.

మీ పూత ఎలాగూ వదులుగా ఉంది. ప్లాస్టిక్ గీకుడు పలక, వేడినీళ్లు, ఓపిక చాలు. మొండిగా ఉన్నచోట కొత్త బ్లేడును పడుకోబెట్టి నెట్టండి, నిలబెట్టి గీకకండి.

బయటివైపు సంగతి. 1978 దాకా ఇళ్ల రంగుల్లో సీసం వాడుక ఉండేది. 1926 టబ్బు బయట ఎన్ని పొరల రంగుందో, అందులో ఎంత సీసముందో తెలియదు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. ఊడకుండా ఉంటే దాన్ని అలాగే ఉంచి, తడిగుడ్డతో తుడిచి, పైన కొత్త రంగు వేయండి.

శ్రీలత_ఎడిసన్ · మార్చి 5, రాత్రి 11:30

సీసం మాట వచ్చింది కాబట్టి. లోపలి ఎనామిల్‌లో కూడా కొన్ని పాత టబ్బులకు సీసం ఉండేది. అరిగిన కొద్దీ పైకి వస్తుంది. మా పాప రెండేళ్లప్పుడు టబ్బు నీళ్లు దోసిలితో తాగేది, అందుకే భయపడి పరీక్ష పుల్లలు తెచ్చి రుద్దాను. అడుగున రంగు మారింది, గోడల మీద మారలేదు. పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించారు, దేవుడి దయ వల్ల ఇబ్బంది లేదు. మేము పూత వేయించడానికి అసలు కారణం అందం కాదు, అదే. చిన్నపిల్లలు ఉంటే ముందు ఆ పరీక్ష చేయండి.

వనజ_సికింద్రాబాద్ · మార్చి 6, సాయంత్రం 5:10

అమెరికాలోనే కాదు, మన దగ్గరా ఈ టబ్బులున్నాయి. మారేడుపల్లిలో మా తాతగారు కొన్న బంగళాలో దొరలనాటి పోత ఇనుప టబ్బు ఉంది. నా చిన్నప్పుడు అది స్నానపు తొట్టి కాదు, నీళ్ల తొట్టి. కొళాయి వచ్చిన గంటలో నింపుకుని మర్నాటిదాకా వాడుకునేవాళ్లం. తర్వాత బోరునీళ్లు వచ్చాయి, దాంతో తెల్లటి ఉప్పుపొర పట్టింది.

ఆరేళ్ల క్రితం బాగుచేయిద్దామని కారుకు రంగు కొట్టే షెడ్డు వాళ్లను పిలిచాను. ఇక్కడ టబ్బులకు ప్రత్యేకంగా వచ్చేవారెవరూ నాకు దొరకలేదు. లప్పం పెట్టి, కంప్రెసర్‌తో మెరిసిపోయేలా కొట్టారు. ఊళ్లో చుట్టాలందరికీ చూపించాను. ఎనిమిది నెలలకు గీజరు వేడినీళ్లకు బుడగలు లేచాయి. ఏడాదికి అరచేతి వెడల్పు ముక్కలు ఊడి తూముకు అడ్డం పడ్డాయి. ఎక్కడ పొరపాటు జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

రంగులమేస్త్రి_ఒహాయో · మార్చి 6, రాత్రి 9:00

వనజ గారూ, కారు రేకుకు పట్టే ప్రైమర్ గాజుకు పట్టదు. అద్దం మీద రంగు వేసి చూడండి, గోటికి వచ్చేస్తుంది. గాజుకు పట్టాలంటే రెండే దారులు. ఆమ్లంతో దాన్ని గరుకు చేయడం, లేదా సిలేన్ అనే బంధక ద్రవం పూయడం. దాని ఒక చేయి గాజును, రెండో చేయి రంగును పట్టుకుంటుంది. ఉప్పుకాగితం ఈ రెంటికీ తోడే గాని బదులు కాదు. మీకు బోరునీటి ఉప్పుపొర కూడా ఉంది. దాన్ని పూర్తిగా తీయకుండా కొట్టి ఉంటే ఆ రంగు టబ్బుకు కాదు, ఉప్పుకు పట్టింది.

గరుకు చేసే ఆమ్లం మామూలుది కాదు, హైడ్రోఫ్లోరిక్. చర్మం మీద పడినప్పుడు ఒక్కోసారి మంట కూడా తెలియదు, లోపల ఎముక దాకా పోతుంది. దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ పక్కన పెట్టుకుని పనిచేయాలి. అందుకే ఇంట్లో చేసుకుంటామనే వారికి నేను దండం పెట్టి వద్దంటాను. వంద డాలర్ల డబ్బాలో ఈ ఆమ్లం ఉండదు, అది మంచిదే. కానీ పట్టు కూడా ఆ మేరకు తక్కువ.

పిట్స్‌బర్గ్_పాతిల్లు · మార్చి 15, మధ్యాహ్నం 3:25

రెండు వారాంతాలు గీకాను. నడుం పోయింది. కానీ చూడండి ఫొటోలు! వాలు, గోడలు మొత్తం పాత పూత ఊడి వచ్చేసింది, కొన్ని చోట్ల దుప్పటిలా చాపగా. కింద 1926 నాటి ఎనామిల్ ఉంది. గోడల మీద పెచ్చు ఒక్కటి కూడా లేదు. కాకపోతే మెరుపు లేదు, కోడిగుడ్డు పెంకులా మసకగా ఉంది. దీన్ని ఇలాగే వదిలేయవచ్చా?

గాజుపూత · మార్చి 15, సాయంత్రం 6:40

భారత కాలమానం ప్రకారం మీ పోస్టు నాకు అర్ధరాత్రి వచ్చింది, అయినా లేచి చూశాను. మసక ఎందుకంటే మొదటి పూత వేసినవారు ఆమ్లంతో గరుకు చేశారు. ఆ మెరుపు ఇక తిరిగి రాదు, ఏ పాలిష్ పెట్టినా రాదు. అయినా నా ఓటు వదిలేయమనే. గాజు గాజే. మసక గాజు కూడా ఏ రంగు కంటే గట్టిది. అంచు మీద పెచ్చుకు తుప్పు గీకి, ఎపాక్సీ లప్పం పలుచగా రెండు మూడు సార్లు పెట్టి, మిగతాది వాడుకోండి.

రంగులమేస్త్రి_ఒహాయో · మార్చి 15, రాత్రి 10:20

ఇక్కడ నేను ఒప్పుకోను. గరుకు చేసిన గాజు మురికిని పట్టి ఉంచుతుంది. రెండు వారాలకోసారి మోకాళ్ల మీద కూర్చుని తోమాలి. తోమేది గాజుపూత గారు కాదు, వీళ్లావిడ.

గాజుపూత · మార్చి 16, ఉదయం 7:15

వీళ్లావిడే ఎందుకు తోమాలి?

పిట్స్‌బర్గ్_పాతిల్లు · మార్చి 16, ఉదయం 9:00

అయ్యా, ఆ ప్రశ్న ఇంట్లో కూడా వచ్చింది. తోమేది నేనే. అందుకే పూత వైపు మొగ్గుతున్నాను. సీసం పరీక్ష చేశాను. శ్రీలత గారు చెప్పినట్టే అడుగున రంగు మారింది. మాకు నాలుగేళ్ల పిల్లాడున్నాడు. ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. పనివాడిని ఏమేమి అడగాలో చెప్పండి.

రంగులమేస్త్రి_ఒహాయో · మార్చి 16, రాత్రి 8:45

మొదట అడగాల్సింది పట్టు కోసం ఏం వాడతావని. "బాగా కడిగి రుద్దుతాం" అంటే సాగనంపండి. పాత పూత తీసే ద్రవంలో ఏముందో డబ్బా చూపించమనండి, మీది ఎలాగూ తీసేశారు కాబట్టి ఆ అవసరం లేదనీ చెప్పండి. గాలి బయటికి పంపే యంత్రం తెచ్చుకుంటాడా, దాని గొట్టం కిటికీలోంచి బయటికి పెడతాడా అని అడగండి. యురెథేన్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఒకసారి పడకుండా పోయాయంటే జన్మంతా ఉబ్బసమే, నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. బయటి నుంచి గాలి అందే మాస్కు లేకుండా, దుమ్ముమాస్కు పెట్టుకుని వచ్చేవాడికి మీ 650 డాలర్లు ఇవ్వకండి, పాపం మీకు చుట్టుకుంటుంది.

తూము చట్రం, పై నీళ్లు పోయే కన్నం మీది పలక విప్పి, కింద దాకా పూత వేసి, మళ్లీ బిగించమనండి. చాలామంది విప్పరు, కాగితం టేపు అంటించి చుట్టూ కొట్టేస్తారు. మొదట లేచేది అక్కడే.

మీరు చేసుకోవాల్సింది ఒకటుంది. ఆ ఇటుకరంగు చార ఎందుకొచ్చింది? కొళాయి కారుతోంది కాబట్టి. కొత్త పూత ఆరేలోపు మీద ఒక్క చుక్క పడినా గుంట పడుతుంది. వాషరు మార్పించండి. పూత వేసే రోజుకు కొళాయి మూతికి ప్లాస్టిక్ సంచి కట్టి, ఆ సంచిలో గుడ్డ కుక్కండి.

తెనాలి_తాతయ్య · మార్చి 17, ఉదయం 6:00

కొళాయి కారితే ముందు కొళాయి బాగుచేయాలని ఇన్ని పేజీల తర్వాత తేలింది.

పిట్స్‌బర్గ్_పాతిల్లు · ఏప్రిల్ 6, రాత్రి 9:50

అయింది. మొదటాయన "పైన వేసేస్తాను, ఏమీ కాదు" అన్నాడు. వదిలేశాను. రెండో ఆయన సిలేన్ వాడాడు, గాలి మాస్కు తెచ్చుకున్నాడు, 780 డాలర్లు తీసుకున్నాడు. ఉదయం కడగడం, పెచ్చుకు లప్పం, రుద్దడం, మళ్లీ కడగడం, ఒక గుడ్డతో దుమ్ము తీయడం. ఇవే నాలుగు గంటలు. అసలు రంగు కొట్టడం ముప్పావుగంట కూడా పట్టలేదు. అప్పుడు అర్థమైంది డబ్బంతా దేనికో. వాసన మాత్రం భరించలేం. రెండు రాత్రులు స్నేహితుల ఇంట్లో పడుకున్నాం, మా అబ్బాయికి పెన్ హిల్స్ గుడిలో పులిహోర కలిసొచ్చింది.

ఆయన 48 గంటలు నీళ్లు తగలనివ్వద్దన్నాడు, నేను మూడు రోజులు ఆగాను. బయటివైపు ముదురు ఆకుపచ్చ వేశాను, మా ఆవిడ ఎంచిన రంగు. ఆమె ఇప్పుడు అక్రిలిక్ మాట ఎత్తడం లేదు.

మే నెలలో అమ్మ మళ్లీ వస్తోంది. ఏమేమి చేయకూడదో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలి. చెప్పండి.

రంగులమేస్త్రి_ఒహాయో · ఏప్రిల్ 7, రాత్రి 7:30

ఇక అది గాజు కాదు, రంగు అని ఎప్పుడూ గుర్తుంచుకోండి. కారును దేనితో కడుగుతారో దానితోనే కడగండి. గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు, మెత్తటి స్పాంజి. గరుకు పొడి, స్టీలు పీచు, బ్లీచ్, యాసిడ్, తూములో పోసే మందు, ఏదీ వద్దు. తూము మూసుకుపోతే తీగతో వెంట్రుకలు లాగండి.

కింద చూషకాలు, అంటే నొక్కితే అతుక్కునే చిన్న రబ్బరు గిన్నెలు, ఉండే చాప తేవద్దు. జారకుండా ఉంటుందని అందరూ కొంటారు. ఆ చూషకాల కింద నీళ్లు నిలిచి పూత మెత్తబడుతుంది, చాప లాగినప్పుడు గుండ్రటి ముక్కలు దానితోపాటే వస్తాయి. నేను బాగుచేయడానికి వెళ్లిన టబ్బుల్లో సగం ఈ చాప బాధితులే. మామూలు చాప వేసుకుని, స్నానం అయ్యాక తీసి ఆరేయండి. షాంపూ సీసాలు, సబ్బుముక్క అంచు మీద నానబెట్టకండి.

బకెట్టు అమ్మగారిది కదా, మానమని చెప్పలేం. ప్లాస్టిక్‌ది పెట్టండి. స్టీలు చెంబు బదులు ప్లాస్టిక్ మగ్గు. చెంబు చేతిలోంచి జారితే అంచు మీద పడుతుంది, పెచ్చులేస్తుంది. మీ మొదటి పెచ్చు కూడా అలాగే వచ్చిందేమో.

వనజ_సికింద్రాబాద్ · ఏప్రిల్ 8, మధ్యాహ్నం 1:15

తలంటు సంగతి? నూనె పెట్టుకోవచ్చా?

రంగులమేస్త్రి_ఒహాయో · ఏప్రిల్ 8, రాత్రి 8:05

పెట్టుకోవచ్చు. నూనె వల్ల పూతకు హాని లేదు, మనుషులకు ఉంది. నూనె పడిన టబ్బు అడుగు కంటే జారే చోటు ఇంట్లో మరొకటి ఉండదు. పెద్దవాళ్లకు లోపల ప్లాస్టిక్ ముక్కాలిపీట, గోడకు పట్టుకునే కడ్డీ పెట్టండి. అయ్యాక వెంటనే వేడినీళ్లు, సబ్బుతో కడగండి. సున్నిపిండి, పసుపు ఆరనివ్వకండి. కుంకుడురసం అయితే మరీ మంచిది, టబ్బు కూడా శుభ్రపడుతుంది.

అన్నట్టు, పోత ఇనుము మొదట వేడినీళ్లలోని వేడిని తాగేస్తుంది. ముందు రెండు చెంబుల వేడినీళ్లు గోడలమీద పోసి, తర్వాత నింపండి. ఒకసారి వేడెక్కిందంటే అక్రిలిక్ టబ్బు కంటే ఎక్కువసేపు వెచ్చగా ఉంటుంది.

వనజ_సికింద్రాబాద్ · ఏప్రిల్ 9, ఉదయం 10:30

ఇదంతా చదివి మా టబ్బు మీద మళ్లీ ఆశ పుట్టింది. మాది గోడకు ఆనించి కట్టినది. గోడకూ అంచుకూ మధ్య సందులో సిలికాన్ పెట్టిస్తే ఆరు నెలలకే చీలిపోతుంది. ఎందుకు?

రంగులమేస్త్రి_ఒహాయో · ఏప్రిల్ 9, రాత్రి 9:10

ఖాళీ టబ్బుకు పెట్టి ఉంటారు. నీళ్లు నింపితే ఆ బరువుకు టబ్బు ఒక వెంట్రుకవాసి దిగుతుంది, సందు తెరుచుకుంటుంది, సిలికాన్ తెగుతుంది. ముందు టబ్బు నిండా నీళ్లు పట్టి, అప్పుడు సిలికాన్ పెట్టించి, అది ఆరేదాకా నీళ్లు వదలకండి. పూత వేయించే ఆలోచన ఉంటే మాత్రం పూత అయ్యాకే సిలికాన్. దాని జిడ్డు వేలిముద్రంత మిగిలినా ఆ చోట రంగు నిలవక చేపకన్నులా గుంటలు పడతాయి.

పిట్స్‌బర్గ్_పాతిల్లు · మరుసటి ఏడాది, ఫిబ్రవరి 11, రాత్రి 8:55

పది నెలల తర్వాత కబురు. అమ్మ వచ్చింది, వెళ్లింది. గోడ మీది కాగితం చదివి "టబ్బుకు ఉన్న పథ్యం మీ నాన్నకు కూడా లేదు" అంది. ప్లాస్టిక్ బకెట్టుతోనే పోసుకుంది.

మెరుపు అలాగే ఉంది. అంచు మీది లప్పం ఎక్కడ పెట్టారో వెతికినా దొరకడం లేదు. ఒక్కటే లోపం. తూము చట్రం పక్కన బఠాణీ గింజంత బుడగ లేచింది. మేస్త్రి గారు చెప్పిన చోటే. ఆ రోజు చట్రం తుప్పుపట్టి రాకపోతే "పర్వాలేదు" అని టేపు వేసి కొట్టాడు, నేనూ ఊరుకున్నాను. ఫోను చేస్తే వచ్చి, ఈసారి చట్రం కోసి తీసి, ఆ చోటు బాగుచేసి, కొత్త చట్రం వేశాడు. డబ్బులు తీసుకోలేదు, చట్రానికి తప్ప.

గాజుపూత · ఫిబ్రవరి 12, ఉదయం 7:20

వదిలేసి ఉంటే బుడగ లేచేది కాదు. ఊరికే చెబుతున్నాను.

కొత్తసభ్యుడు_డాలస్ · ఫిబ్రవరి 13, రాత్రి 10:02

ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. మాది 1990లలో కట్టిన ఇల్లు. టబ్బు పసుపు పచ్చబడింది, అడుగున కాలు పెడితే కొంచెం కుంగుతున్నట్టుంది. దీనికీ ఇదే పద్ధతా?

రంగులమేస్త్రి_ఒహాయో · ఫిబ్రవరి 13, రాత్రి 10:31

ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకుని అంటించి చూడండి. అంటకపోతే అది ఫైబరో అక్రిలిక్కో. కుంగుతోందంటే పైన ఏ పూత వేసినా పగులుతుంది, ముందు కింద ఆధారం సంగతి చూడాలి. వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తాను.